రెమెడియల్ క్లాసు ఎవరికి పెట్టాలి?

మా పేట పిల్ల ఒకతె ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరింది. మా పేట అంటే ఉద్దానంలో, పలాస నుంచి వజ్రపుకొత్తూరు పోయే వైపు, జీడితోటలకీ ఇసుకకీ మధ్యనున్న ఎస్సీ వీధి. ఆ వీధిలో డిగ్రీ దాటి పైచదువుకి పోయిన మొదటి ఆడపిల్ల ఆమే. బయల్దేరిన రోజు వీధి వీధంతా బస్సు దాకా వచ్చి సాగనంపింది. మూడు నెలలు తిరక్కుండా ఆ పిల్ల బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేసింది.

"ఏటమ్మా, ఏటయింది?" అని అడిగితే రెండు రోజులు నోరు విప్పలేదు. మూడోరోజు చెప్పింది. "నీకు బేసిక్సే లేవని సారు అందరి ముందూ అన్నారు. రెమెడియల్ క్లాసుకి రావలసినోళ్ల పేర్లు నోటీసుబోర్డుకి అంటించినారు. అందులో ఉన్నోళ్లం అందరం మనోళ్లమే. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆగి ఆగి చదువుతున్నారు. ఇంక ఆ క్లాసులో ఎలగ కూకుంటాను?"

ఏ యూనివర్సిటీ అని అడక్కండి. ఒకదాని పేరు చెబితే మిగతావన్నీ చేతులు కడుక్కుంటాయి.

ఆ పిల్ల ఇంట్లో ఒక నోటుబుక్కు ఉంది. ఆమె నాయనమ్మకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఏ వీధికి వెళ్లినా ఈ జబ్బు ఉన్న ఇల్లు తగులుతుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆ పిల్ల తొమ్మిదో తరగతి నుంచీ నాయనమ్మ రక్తపరీక్షల అంకెలు తేదీలతో సహా ఆ నోటుబుక్కులో రాస్తోంది. క్రియాటినిన్ ఎంత, యూరియా ఎంత, ఏ నెలలో ఎక్కింది, ఏ మందు మార్చాక దిగింది, అన్నీ ఉన్నాయి. పక్కన పెన్సిల్‌తో గీత గీసి అది ఎటు పోతోందో చూపించింది. చదువు రాని ముసలమ్మ కూడా "క్రియేటిన్ ఐదుకి పోనాది, పలాస ఎల్లాల" అని చెప్పే ఊళ్లివి. ఆ పిల్లకి బేసిక్స్ లేవట!

లేనిది ఎవరికి? క్లాసులో ఎదురుగా కూర్చున్న పిల్ల ఏం తెలుసుకుని వచ్చిందో కనుక్కోవడం తెలియని ఆ అయ్యవారికి. అందుకే అడుగుతున్నాం: రెమెడియల్ క్లాసు ఎవరికి పెట్టాలి?

ఈ మాటలు రాస్తున్న మేం పలాస, టెక్కలి, సోంపేట చుట్టూ ఉన్న పేటల్లో పుట్టి చదువుకున్నవాళ్లం. కొందరం బడిపంతుళ్లం, కొందరం కాంట్రాక్టు లెక్చరర్లం, కొందరం చదువు సగంలో వదిలేసినవాళ్లం. మా వైపు పిల్లలు సీటు తెచ్చుకోవడానికి మా ముందుతరం కొట్లాడింది. సీటు వచ్చింది, హాస్టలు వచ్చింది, స్కాలర్‌షిప్పు ఆలస్యంగానైనా వచ్చింది. ఇవన్నీ దాటి క్లాసు రూములోకి అడుగుపెట్టాక అక్కడ నిలబడి ఉన్న మనిషి తయారై ఉన్నాడా లేదా అన్నది ఇంతవరకు ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

శిక్షణ లేని ఉద్యోగం

ఒకటో తరగతి పిల్లకి అ ఆలు చెప్పాలంటే డి.ఎడ్. ఉండాలి. హైస్కూల్లో చెప్పాలంటే బి.ఎడ్. ఉండాలి. బస్సు నడపాలంటే లైసెన్సు ఉండాలి. యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి మాత్రం, పాఠం ఎలా చెప్పాలో నేర్చుకుని ఉండాలన్న షరతు లేదు. పీజీ పైన నెట్ గానీ సెట్ గానీ పీహెచ్.డి. గానీ ఉంటే చాలు. నెట్ మొదటి పేపర్లో బోధన మీద కొన్ని ప్రశ్నలుంటాయి. సరైన జవాబుకి గుర్తు పెట్టేసి రావడమే. క్లాసులో నిలబడి ఒక్క పాఠం చెప్పి చూపించనక్కర్లేదు.

ఉద్యోగంలో చేరాక శిక్షణ ఉంది కదా అంటారు. ఉంది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత యు.జి.సి. యూనివర్సిటీల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. తర్వాత వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మార్చారు. 2023లో మళ్లీ పేరు మార్చి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ కేంద్రాలన్నారు. బోర్డులు మారాయి. మా పిల్లలకి క్లాసులో జరిగేది మారిందా?

పేరు సంగతి కూడా ఒకమాట అనుకోవాలి. దేశంలో పంతుళ్లకే పంతులుగా ఎవరిని నిలబెట్టాలని ఆలోచిస్తే ఢిల్లీ పెద్దలకి మదన్‌మోహన్ మాలవీయ గుర్తుకొచ్చారు. 1932లో పూనా ఒప్పందం మీద సవర్ణ హిందువుల వైపు సంతకం చేసినవారిలో ఆయనొకరు. పంతులమ్మ కావడానికి శిక్షణ తీసుకుని, మీద పేడ పడినా బడికి పోయి పాఠం చెప్పిన సావిత్రిబాయి ఫూలే గుర్తుకు రాలేదు. ఎవరు గుర్తొస్తారన్న దానిలోనే ఎవరి చదువో తెలిసిపోతుంది.

సరే, పేరు పక్కన పెడదాం. ఈ కొత్త శిక్షణలో ఎనిమిది అంశాలున్నాయి. అందులో ఒకటి విద్యార్థుల వైవిధ్యం, అందరినీ కలుపుకునే చదువు. కాగితం మీద ఆ మాట వచ్చినందుకు సంతోషమే. మేం కాదనం. అయితే ఎనిమిదింటిలో ఒకటిగా, తెర మీద బొమ్మలు తిప్పుతూ ఒక పెద్దమనిషి ఉపన్యాసం చెబితే, ప్రమోషన్ లెక్క కోసం పేరు నమోదు చేసుకున్నవాళ్లు అవతల కెమెరా ఆపేసుకుని వింటే అది శిక్షణ ఎలా అవుతుంది? ఇలా సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్లు మాలోనే ఉన్నారు. "ఏం నేర్చుకున్నావురా?" అని అడిగితే "సర్టిఫికెట్టు వచ్చింది కదా" అని నవ్వేశారు.

ఇంకో సంగతి. ప్రమోషన్ కోసమే శిక్షణ అయితే, ప్రమోషనే లేని కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్టు లెక్చరర్లు దానికి ఎందుకు పోతారు? పీరియడ్‌కి ఇంతని తీసుకునే మనిషి ఒకరోజు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. మా పిల్లలకి ఎక్కువ క్లాసులు చెప్పేది వీళ్లే.

ఇంగ్లీషు కావాలి, ఇంగ్లీషుతో మెడ కోయొద్దు

2021–22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం అయింది. అంతకుముందు తెలుగు మీడియంలో డిగ్రీ చదివేవాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. వాళ్లు ఎవరి పిల్లలో చెప్పక్కర్లేదు. మీ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మా పిల్లలకి మాతృభాష గొప్పతనం చెప్పే పెద్దమనుషుల పక్కన మేం నిలబడం. ఇంగ్లీషు మాకు కావాలి. అది మా హక్కు.

అయితే ఇంగ్లీషు మీడియం అన్న జీవో ఒక్కటే వస్తే సరిపోతుందా? పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లని ఇంగ్లీషులోకి నడిపించి తీసుకుపోవడం ఒక పని. ఆ పనికి నేర్పు కావాలి. పాఠంలో వచ్చే పది కొత్త మాటలు ముందే బోర్డు మీద రాసి తెలుగులో ఏమంటారో చెప్పడం, ఒక్కో ముక్క ఇంగ్లీషులో చెప్పాక "మీ మాటల్లో చెప్పండి" అని తెలుగులో అడగడం, పిల్ల తప్పుల ఇంగ్లీషులో మాట్లాడితే తప్పుని కాక విషయాన్ని ముందు వినడం, ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. ఎవరైనా మన లెక్చరర్లకి నేర్పారా? జీవో వచ్చింది, పుస్తకం మారింది, అయ్యవారు మాత్రం మారలేదు. ఇంగ్లీషు పుస్తకం చూసి చదివేసి వెళ్లిపోతే అది ఇంగ్లీషు మీడియం అనుకుంటున్నారు.

తెలుగులోనూ అదే గతి. మా పిల్ల "ఏటండీ" అంటే క్లాసు నవ్వుతుంది. "ఎలగ" అంటే అయ్యవారే నవ్వుతారు. కోస్తా జిల్లాల పెద్దకులాల యాస మంచి తెలుగు, ఉద్దానం పేటల మాట మోటు! మందస, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. మెళియాపుట్టి, పాతపట్నం కొండల నుంచి సవర మాట్లాడే పిల్లలు వస్తున్నారు. వీళ్లకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఈ లెక్క ఏ లెక్చరర్ దగ్గరన్నా ఉందా?

అయ్యవారు ముందు శిష్యుడు కావాలన్న సంగతి మా వైపు కొత్తది కాదు. టెక్కలికి ఎగువనున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు రాజావారి బడిలో, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పేవారు. సవరలకి చదువు చెప్పాలనుకుంటే ముందు తనకి సవర రావాలి కదా అని, రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి చెవుడు కూడా తెచ్చుకున్నారు. తన ఖర్చుతో బడులు పెట్టి సవర పిల్లలకి సవరలోనే చెప్పించారు. 1931లో ఆ భాషకి వ్యాకరణం అచ్చయింది.

ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటూ ప్రతి కాలేజీలో దండ వేస్తారు. దండ వేసే ఏ అయ్యవారైనా ఆయన చేసిన పని చేస్తున్నారా? ఇంకో మాట కూడా ఉంది. అయ్యవారి పేరున పండగ ఉంది. అయ్యవారికే పాఠం చెప్పిన ఆ మనిషి పేరున ఏమీ లేదు. నిజానికి అక్కడ శిక్షకుడు ఆయనే. యూనివర్సిటీ పంతుళ్లకి ఎవరు శిక్షణ ఇవ్వాలన్న ప్రశ్నకి మా జవాబు అక్కడే ఉంది.

ఇంటిపేరు, ర్యాంకు, వైవా

మొదటిరోజు క్లాసులో ఏం జరుగుతుందో మా అందరికీ అనుభవమే. "లేచి నిలబడి పేరు చెప్పు. ఇంటిపేరుతో చెప్పు. ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ? నాన్న ఏం చేస్తాడు? ఎంట్రన్సులో ర్యాంకెంత?" ఇందులో కులం అన్న మాట ఎక్కడా లేదు. ఐదు ప్రశ్నలు అయ్యేసరికి కులం బయటపడని పిల్లడు ఒక్కడూ ఉండడు. పలాస–కాశీబుగ్గ మునిసిపాలిటీలో తల్లి వీధులు ఊడిస్తున్న రెల్లి పిల్ల "అమ్మ ఏం చేస్తుంది?" అన్న ప్రశ్నకి ఏం చెప్పాలి? అబద్ధమైనా చెప్పాలి, నవ్వులపాలైనా కావాలి. ఆ ప్రశ్న అడిగిన మనిషికి తాను తప్పు చేశానని కూడా తెలియదు. పరిచయం చేసుకున్నానంటాడు.

తర్వాత ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్స్, వైవా. రాతపరీక్ష పేపరు మీద కోడు నంబరు ఉంటుంది, మొహం ఉండదు. వైవాలో మొహం ఉంటుంది, యాస ఉంటుంది, చొక్కా ఉంటుంది. 2006లో ఢిల్లీ ఎయిమ్స్ సంగతి చూడమని సుఖదేవ్ థోరట్ కమిటీ వేశారు. 2007లో నివేదిక వచ్చింది. పాఠం చెప్పేటప్పుడు, వైవాల్లో, ప్రాక్టికల్స్‌లో తమని వేరుగా చూస్తున్నారని అక్కడి దళిత, ఆదివాసీ పిల్లల్లో అధిక భాగం చెప్పారు. దేశంలో అందరికన్నా మెరిట్ ఉన్నవాళ్లు పాఠాలు చెప్పే చోటు అది!

2012లో యు.జి.సి. నిబంధనలు రాసింది. క్లాసులో పిల్లల కులం పేరు చెప్పకూడదని, రిజర్వుడు అని ముద్ర వేయకూడదని, చదువులో వెనకబడడానికి కులమే కారణమన్నట్టు మాట్లాడకూడదని అందులో ఉంది. మా పిల్ల పేరు అంటించిన ఆ నోటీసుబోర్డు పక్కన ఈ నిబంధనలు కూడా అంటించి ఉంటే బాగుండేది. ఆ నిబంధనలు వచ్చాక నాలుగేళ్లకి, 2016 జనవరి 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం పోయింది. 2019 మే నెలలో ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వి పోయింది. చదువుల తల్లి సరస్వతి అంటారు. చదువులకి పంపి బిడ్డల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు రాధిక వేముల, అబేదా తడ్వి అదే సంవత్సరం సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఉన్న నిబంధనలు అమలు చేయించండి అని అడిగారు. 2026 జనవరిలో యు.జి.సి. కొత్త నిబంధనలు తెచ్చింది. మా మీద తప్పుడు ఫిర్యాదులొస్తాయని పెద్దకులాలు గోల పెట్టాయి. ఆ నెలలోనే సుప్రీంకోర్టు వాటిని ఆపింది.

నిబంధన కావాలి. తప్పు చేసినవాడికి శిక్ష కావాలి. ఇందులో మాకు రెండో మాట లేదు. కానీ ఫిర్యాదు పెట్టేనాటికి పిల్ల సగం చచ్చిపోయి ఉంటుంది. రెమెడియల్ జాబితా అంటించిన సారు మీద ఏ ఫిర్యాదు పెడతాం? ఆయన తిట్టలేదు, కొట్టలేదు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. అలాంటి చోట పనిచేసేది శిక్షణే.

జీడిపిక్క పాఠం

శిక్షణ అంటే నీతులు చెప్పడం అనుకుంటారు. "దళితుల్ని గౌరవించండి, అందరూ సమానమే" అని గంట ఉపన్యాసం. విన్నవాళ్లు తలూపుతారు. మర్నాడు మళ్లీ అదే పాఠం, అదే పద్ధతి. మాకు మీ జాలి అక్కర్లేదు. పాఠం సరిగ్గా చెప్పండి చాలు.

పాఠం సరిగ్గా చెప్పడం అంటే ఏమిటో మా ఊరి సరుకుతోనే చూపిస్తాం. పలాస జీడిపప్పు దేశమంతా తింటుంది. పిక్కలు కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచే పని మా అమ్మలది, అక్కలది. పిక్క తొక్కలోని జీడి చేతుల మీద పడి చర్మం నల్లబడి ఊడిపోతుంది. ఆ జీడిలో ఉన్నది అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్. ఫినాల్ జాతి రసాయనాలు. అదే జీడినూనె పరిశ్రమకి పోయి బ్రేకు లైనింగుల్లో, పెయింట్లలో వాడకమవుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఫినాల్ పాఠం చెప్పే అయ్యవారు ఒక్కరోజు "మీలో ఎవరింట్లోనైనా జీడిపిక్కలు కొడతారా?" అని అడిగితే ఏమవుతుంది? ఎప్పుడూ వెనక బెంచీలో తల దించుకుని కూర్చునే పిల్ల ఆ రోజు మాట్లాడుతుంది. వాళ్లమ్మ చేతుల మీద ఉన్నది సైన్సని ఆ పిల్లకి తెలుస్తుంది. ముందు బెంచీలో కూర్చున్న షాపుకారు కొడుక్కి తాను తినే పప్పు వెనక ఎవరి చేతులున్నాయో తెలుస్తుంది. పాఠం ఇద్దరికీ అయినట్టే.

ఎకనామిక్స్ అయ్యవారు అయితే ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు పలాసకి ఎందుకొస్తాయి, కిలోకి ఇంతని కూలి ఎవరు కడతారు, ధర పెరిగినా కూలి ఎందుకు పెరగదు అని అడగవచ్చు. బయాలజీ వాళ్లకి ఉద్దానం కిడ్నీ ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. పరిశోధనకి కావలసిన ప్రశ్నలు మా పిల్లల నోటుబుక్కుల్లో ఉన్నాయి. స్టాండర్డ్ తగ్గించమని ఎవరూ అడగడం లేదు. కష్టమైన పాఠంలోకి పోవడానికి మా గుమ్మం నుంచి కూడా ఒక దారి వెయ్యమంటున్నాం.

హాజరు సంగతీ ఇంతే. నూటికి 75 రోజులు క్లాసులో ఉండాలంటారు. ఇంట్లో ఒకరికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ ఉంటే, తోడు పోయేది చదువుకుంటున్న పిల్లే. కాగితాలు చదవగలిగేది ఆమే కదా. అడ్మిషన్ కాగితంలో ఈ సంగతి రాసే గడి లేదు. "ఎందుకు రాలేదు?" అని అందరి ముందు గద్దించే ముందు, విడిగా పిలిచి అడగడం కూడా శిక్షణలో నేర్పాల్సిన విషయమే.

"మేం కులం చూడం"

ఈ మాట లెక్చరర్లు ఎక్కువగా అంటారు. కొందరు నిజాయితీగానే అంటారు. చూడకపోవడమే జబ్బు అయినప్పుడు చూడమని చెప్పడం మంచి అనిపించుకోదా? కళ్లు లేని పిల్లడికి బోర్డు మీద రాసి "నేను ఎవరినీ తేడాగా చూడను" అంటే ఒప్పుకుంటామా?

పెద్ద చదువు కులాన్ని కడిగేస్తుందని కూడా అంటారు. 1918లో బాబాసాహెబ్ బొంబాయి సైడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. విదేశాల్లో చదివొచ్చిన మనిషి. ప్రొఫెసర్ల గదిలోని నీళ్లకుండ ముట్టుకోవద్దని తోటి ప్రొఫెసర్లే అభ్యంతరం పెట్టారు. అభ్యంతరం పెట్టినవాళ్లకి డిగ్రీలు లేకనా? డిగ్రీలో ఆ పాఠం లేదు. ఇప్పటికీ లేదు. నెట్‌లో లేదు, పీహెచ్.డి.లో లేదు. 1946లో ఆయన బొంబాయిలోనే సిద్ధార్థ కాలేజీ ఎందుకు తెరవాల్సి వచ్చిందో ఆలోచించండి.

మన వేలు మన వైపు

ఇతరుల్ని అన్నాక మనల్ని మనం అనుకోకపోతే ఈ రాత దొంగరాత అవుతుంది. మాలోంచి లెక్చరర్లు అయినవాళ్లు ఉన్నారు. ఎక్కువమంది కాదు. 2020–21 కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో దేశంలోని కాలేజీ, యూనివర్సిటీ టీచర్లలో ఎస్సీలు నూటికి తొమ్మిది మంది, ఎస్టీలు ముగ్గురు కూడా లేరు. రావలసినవి 15, ఏడున్నర. ఆ ఖాళీలు నింపాలన్నది మా మొదటి డిమాండు. శిక్షణ పేరు చెప్పి నియామకాలు ఎగ్గొడితే ఊరుకోం.

అయితే మనవాడు కుర్చీలో కూర్చుంటే చాలు అన్నది కూడా నిజం కాదు. "నేను కిరసనాయిలు దీపం దగ్గర చదివాను, నీకేం రోగం?" అని మనవాడే మన పిల్లల్ని అనడం మేం విన్నాం. తన మీద పడ్డ కర్ర తానే పట్టుకోవడం అంటే ఇదే. మాల లెక్చరరు రెల్లి పిల్లడిని, దండాసి పిల్లడిని ఎలా చూస్తున్నాడో కూడా అడగాలి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం వర్గీకరణ ఆర్డినెన్సు తెచ్చి రెల్లి గ్రూపులోని 12 కులాలకి ఒక శాతం వేరుగా ఇచ్చింది. ఆ ఒక శాతం దారిలో వచ్చే పిల్లలకి క్లాసులో మనం ఏ పేరు పెట్టి పిలుస్తాం? శిక్షణ మాకూ కావాలి. ముందు వరసలో కూర్చుంటాం.

ఎవరు నేర్పాలి

మన ఆచార్యుల పిల్లలు పోయి చదువుకునే అమెరికాలో మిచిగాన్ యూనివర్సిటీ 1962లోనే తన అధ్యాపకులకి బోధన నేర్పే కేంద్రం పెట్టుకుంది. అక్కడ క్లాసులో జరిగే అన్యాయాన్ని నాటకంగా ఆడి చూపిస్తారు. పంతుళ్లు చూస్తారు, ఆగి మాట్లాడుకుంటారు. ఇది మనకి తెలియని విద్యా? శ్రీకాకుళంలో పాటకీ ఆటకీ కొదవా? తెర మీద అంకెలు చూపించే బదులు, ఆ రెమెడియల్ జాబితా అంటించిన పొద్దుని పది నిమిషాలు ఆడి చూపించండి. అంటించిన సారుగా ఒక ప్రొఫెసర్ని, జాబితాలో పేరున్న పిల్లగా ఇంకో ప్రొఫెసర్ని నిలబెట్టండి. ఆ తర్వాత మాట్లాడదాం.

మేం అడుగుతున్నవి ఇవి:

1. యూనివర్సిటీలో, డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే ప్రతి మనిషికీ క్లాసులోకి పోకముందే బోధనలో శిక్షణ ఉండాలి. కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లకి శిక్షణ రోజులకి కూలి కట్టి ఇవ్వాలి.

2. శిక్షణ ఇచ్చేవాళ్లలో సగం మంది ఆ ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్లు, చదువు వదిలేసినవాళ్లు, జీడిపప్పు పని చేసే ఆడవాళ్లు, సవర మాట్లాడే పెద్దలు కావాలి. ప్రొఫెసరుకి ఎంత ఇస్తారో వాళ్లకీ అంతే ఇవ్వాలి.

3. మొదటి సెమిస్టరు రెండు భాషల్లో నడవాలి. ప్రతి సబ్జెక్టుకీ మాటల పట్టిక పిల్లల చేతిలో ఉండాలి.

4. వైవాకి, ఇంటర్నల్ మార్కులకి కొలత ముందే రాసి చెప్పాలి. వైవాలో ఒక్కరే మార్కులు వేయకూడదు. మార్కు ఎందుకు పోయిందో పిల్లకి చెప్పాలి.

5. పేర్లు అంటించడం, క్లాసులో ర్యాంకు, ఇంటిపేరు, తండ్రి పని అడగడం ఆపాలి. సాయం కావాలనుకున్న ఎవరైనా వచ్చే గంట ఒకటి అందరికీ పెట్టాలి.

6. ఏ డిపార్టుమెంటులో ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు, ఏ వర్గం వాళ్లు ఎంతమంది అన్న లెక్క ఏటా బయటపెట్టాలి. పిల్లల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. శిక్షణ పనిచేసిందో లేదో అదే చెబుతుంది.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్లకి చేరింది. 2008లో మన జిల్లాకి బాబాసాహెబ్ పేరుతో ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం వచ్చింది. నూరేళ్ల పండగకి విగ్రహాలు వద్దు, ఈ పని మొదలుపెట్టండి. బాబాసాహెబ్ పేరు పెట్టుకున్న చోటు ఇందులో ముందుంటుందని మేం ఆశపడుతున్నాం. ఆశపడే హక్కు మాకుంది.

జీవో వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ఈ పత్రిక చదివే లెక్చరర్ మిత్రులారా, రేపు మీ క్లాసులో ఒక చిన్న కాగితం అందరికీ ఇవ్వండి. పేరు రాయొద్దనండి. "నిన్నటి పాఠంలో నాకు అందనిది ఏమిటి? ఈ పాఠంతో కలిసేది మా ఇంట్లో ఏముంది?" అని రెండే ప్రశ్నలు అడగండి. తెలుగులో రాయనివ్వండి, ఒడియాలో రాయనివ్వండి. ఇంటికి తీసుకుపోయి చదవండి. మీ శిక్షణ ఆ రాత్రే మొదలవుతుంది.

మా పేట పిల్ల ఇంకా ఇంట్లోనే ఉంది. పగలు వాళ్లమ్మతో పిక్కల పనికి పోతోంది. రాత్రి నోటుబుక్కులో అంకెలు రాస్తోంది. మళ్లీ పంపుదామని మేం వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాం. వాళ్ల నాన్న ఒక్కమాటే అడిగాడు: "పంపిస్తాను గానీ బాబూ, ఈసారైనా ఆలకి సెప్పడం వొచ్చా?"

ఆ ప్రశ్నకి జవాబు మా దగ్గర లేదు. యూనివర్సిటీలు చెప్పాలి.

జై భీమ్!